టోపీ ఎందుకు గట్టిపడలేదు?

సందేహం: ఈ మధ్యే ఈ చలిదేశానికి వచ్చాం. మామూలు అల్లిక టోపీలోంచి గాలి దూసుకొస్తోంది. ఊలుతో వదులుగా అల్లి వేడినీళ్లలో ఉతికితే ఫెల్ట్‌లా, అంటే పోగులన్నీ కలిసి అతుక్కుపోయిన గుడ్డలా, దట్టంగా అవుతుందన్నారు. రెండుసార్లు మెషీన్లో వేశాను, చెక్కుచెదరలేదు. నా అల్లికలో తప్పుందా?

జవాబు: తప్పు అల్లికలో కాదు, మీరు కొన్న దారపు ఉండలో ఉంది. మన వాడుకలో అల్లిక దారమంతా ఊలే, అక్రిలిక్ అయినా సరే. అక్రిలిక్ ఎన్ని ఉతుకులకైనా ఫెల్ట్ అవదు. అందుకే లేబుల్ చదవాలి. వంద శాతం ఉన్ని అని ఉన్నా సంబరపడకండి, పక్కన 'సూపర్‌వాష్' అనో 'మెషీన్ వాష్' అనో ఉందేమో చూడండి.

గొర్రె బొచ్చు పోగు మీద చేపకున్నట్టు సన్నటి పొలుసులుంటాయి. వేడి, తడి, సబ్బు, రాపిడి కలిస్తే పోగులు ఒకదాంట్లోకి ఒకటి పాకి చిక్కుకుపోతాయి, మళ్లీ విడిపోవు. సూపర్‌వాష్ ఉన్నికి ఆ పొలుసుల్ని రసాయనాలతో అరగదీస్తారు, లేదా పైన పూత పూస్తారు. ఇక పట్టుకోవడానికి ఏముంటుంది?

లేబుల్ పోతే చిన్న ముక్కను సింక్‌లో, పట్టకారుతో పట్టుకుని కాల్చి చూడండి. ఉన్ని జుట్టు కాలిన వాసనతో పొడిగా రాలుతుంది, అక్రిలిక్ కరిగి పూసలా గట్టిపడుతుంది. అయితే సూపర్‌వాష్ కూడా ఉన్నిలాగే కాలుతుంది, కాబట్టి ఈ పరీక్ష సగం జవాబే. మిగతా సగం నమూనా ముక్కతోనే తేలాలి. పదిహేను సెంటీమీటర్ల చదరం అల్లి ఫెల్ట్ చేసి కొలవండి. నేనోసారి ఇది బద్ధకించి, నీలం టోపీ మధ్యలో దొరికిన తెల్ల దారంతో ఒక చార వేశాను. నీలం ముడుచుకుంది, తెలుపు ముడుచుకోలేదు. టోపీ చుట్టూ కుచ్చిళ్లు!

అమెరికాలో వర్‌స్టెడ్, బ్రిటన్‌లో ఆరాన్ అనే మందం దారం 100 గ్రాములు చాలు. సూది 6 మిల్లీమీటర్లది తీసుకోండి. నంబరు చూసి కొనకండి: పాత బ్రిటిష్ లెక్కలో 10 అంటే 3.25 మిల్లీమీటర్లు, అమెరికా లెక్కలో 10 అంటే 6. మన ఇళ్లలో ఉండే సూదులు ఎక్కువగా ఆ పాత లెక్కవే.

పది సెంటీమీటర్లకు 14 కుట్లు పడేలా వదులుగా అల్లాలి. చూడ్డానికి వలలా ఉంటుంది, కంగారుపడొద్దు. 100 కుట్లు ఎక్కించి గుండ్రంగా 23 సెంటీమీటర్లు అల్లండి. తర్వాత వరస విడిచి వరసలో సమాన దూరాల్లో పది చోట్ల రెండేసి కుట్లు కలుపుతూ పోతే పది మిగులుతాయి. వాటిలోంచి దారం దూర్చి బిగించడమే. ఇప్పుడది గంపలా ఉంటుంది. అడ్డంగా అయిదో వంతు, నిలువుగా దాదాపు మూడో వంతు తగ్గుతుందని లెక్క. మీ నమూనా వేరేగా చెబితే దాని మాటే వినండి.

జిప్పున్న దిండు గలీబులో పెట్టి, 60 డిగ్రీల నీళ్లలో, కాస్త సబ్బుతో, రాపిడికి పాత జీన్స్ తోడు వేయండి. తువ్వాళ్లు వద్దు, నూగంతా టోపీకి అంటుకుంటుంది. అపార్ట్‌మెంట్ ఉమ్మడి మెషీన్ అయితే గలీబు మరీ ముఖ్యం, రాలిన బొచ్చు ఫిల్టర్‌కు అడ్డం పడుతుంది. పైనుంచి తెరిచే మెషీన్ అయితే అయిదు నిమిషాలకోసారి తీసి చూడండి. ముందు తలుపుది మధ్యలో తెరుచుకోదు కాబట్టి చిన్న సైకిల్ పెట్టి, చాలకపోతే మళ్లీ వేయండి. తక్కువైతే ఇంకోసారి వేయొచ్చు, ఎక్కువైతే వెనక్కి రాదు. నేనైతే చివరి దశ సింక్‌లో రబ్బరు గ్లవుజులతో చేత్తోనే నలుపుతాను.

కుట్లు కనబడకుండా పోయాక చన్నీళ్లలో జాడించి, తువ్వాలులో చుట్టి అదమండి. స్పిన్ వేస్తే మడతలు ముద్రపడిపోతాయి. తల సైజు గిన్నె మీద బోర్లించి, చెవుల దాకా లాగి సరిచేసి, హీటర్‌కు దూరంగా ఒకటి రెండు రోజులు ఆరనివ్వండి. అంచు వంకర వస్తే కత్తెరతో కోసేయండి. బాగా ఫెల్ట్ అయితే అల్లిక ఊడదు. మొదటిసారి కత్తెర పెట్టినప్పుడు మాత్రం నాకు చెయ్యాడలేదు.