అమెరికా నుంచి తెచ్చిన అన్‌లాక్డ్ ఫోన్‌లో జియో సిమ్ పనిచేస్తుందా?

మీ బావగారు అమెరికా నుంచి తెచ్చిన అన్‌లాక్డ్ ఫోను విజయవాడలో జియోతో నడుస్తుందా అన్నది మీ ప్రశ్న. అన్‌లాక్ అంటే ఒకే కంపెనీ సిమ్ వేయాలన్న తాళం తీశారనే అర్థం, ఇక్కడి సిగ్నల్ అందుకుంటుందని కాదు.

ముందు సెట్టింగ్స్‌లో అబౌట్‌ తెరిచి మోడల్ నంబర్ రాసుకోండి. పేరొకటే అయినా దేశాన్ని బట్టి మోడలూ, బ్యాండ్లూ (ఫోను అందుకునే సిగ్నల్ తరంగాల శ్రేణులు) మారుతుంటాయి. ఆ నంబరుతో తయారీ కంపెనీ సైట్‌లో ఏ బ్యాండ్లున్నాయో వెతకండి. జియో 4జీ 3, 5, 40 బ్యాండ్ల మీద నడుస్తుంది; 5జీకి ఎన్28, ఎన్78 చూసుకోండి.

అసలు చిక్కు కాల్స్ దగ్గరే. జియోకి 2జీ, 3జీ లేవు. ఫోన్‌లో వోల్టీ (4జీ మీదే కాల్ వెళ్లే పద్ధతి) పనిచేయకపోతే నెట్ వస్తుంది గానీ మామూలు కాల్ వెళ్లదు. ఎయిర్‌టెల్‌కి 2జీ ఉంది కాబట్టి అందులో కాల్ ఎలాగోలా గట్టెక్కుతుంది.

ఐఫోన్ అయితే ఇంకో మెలిక: 14 నుంచి అమెరికా మోడళ్లకు సిమ్ ట్రేనే లేదు, ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్) తీసుకోవాల్సిందే.

ఇలాంటి ఫోనే బీసెంట్ రోడ్డులో సెకండ్‌హ్యాండ్‌లో కొంటుంటే, డబ్బిచ్చే ముందే మీ సిమ్ వేసి, వైఫై ఆపి, ఇంటికి ఒక కాల్ చేయండి. *#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐని (ఫోను గుర్తింపు సంఖ్యని) ప్రభుత్వ సైట్ సంచార్ సాథీలో కూడా చూసుకోండి, దొంగ ఫోనైతే బ్లాక్ అయి ఉండొచ్చు.