పెడసరం అంటే ఏమిటి? పొగరు, పెడసరం ఒకటేనా?

ఒకటి కాదు. పొగరు మనిషిలో ఉంటుంది, పెడసరం ఎక్కువగా మాటలో ఉంటుంది: అడిగినవాళ్లని లెక్కచెయ్యనట్టు దురుసుగా చెప్పడం. ఏ పొగరూ లేనివాళ్లు కూడా విసుగులోనో ఆకలి మీదో పెడసరంగా మాట్లాడేస్తారు. పెడచెవిన పెట్టడం, పెడదారి, పెడరెక్కలు విరిచి కట్టడం, వీటన్నిటిలో ఉన్న ‘పెడ’ అంటే వెనక్కో పక్కకో తిరిగి ఉన్నది. పెడసరం మాట కూడా నాకు అలాగే, మొహం అటు తిప్పుకుని చెప్పినట్టే వినిపిస్తుంది.

మాది కోనసీమ. నాకు పదేళ్లప్పుడు ఒక పెద్దాయన వీధి గుమ్మంలో నిలబడి ‘తాతగారు ఎప్పుడొస్తారమ్మా?’ అని అడిగితే, అరుగు మీద గవ్వలాడుకుంటున్నదాన్ని తలెత్తకుండా ‘నాకేం తెలుసు’ అన్నాను. లోపల్నుంచి మా అమ్మమ్మ వచ్చి ఆయన్ని కూర్చోబెట్టి, నాచేత మంచినీళ్లు ఇప్పించి, ఆయన వెళ్లాక ‘అదేం పెడసరమే! తెలీదండీ, రాగానే చెప్తాను అంటే నోరు అరిగిపోతుందా?’ అంది. నేనన్నదాంట్లో తిట్టు లేదు, అబద్ధం లేదు, అయినా అది పెడసరమే. ‘తిన్నావా’ అని అమ్మ అడిగితే ‘కనబడట్లేదా’ అనడం కూడా ఇదే. ‘ఆ’, ‘లేదు’ అని తుంచేసినట్టు చెప్తే దాన్ని పుల్లవిరుపు మాట అంటారు, అది వేరు.

వాడుకలో ఎక్కువగా ‘పెడసరంగా’ అనే వస్తుంది: పెడసరంగా మాట్లాడకు, పెడసరంగా సమాధానం చెప్పాడు. పెద్దవాళ్లు ఇంట్లో పిల్లల్ని మందలించేటప్పుడు అనే మాట ఇది, బయటివాళ్లని మొహం మీదే అంటే మాత్రం గొడవే.

ఇంకో సంగతి, ప్రాంతం మారితే చెవి కూడా మారాలి. ఉద్యోగానికి వరంగల్ వెళ్లిన కొత్తలో, మేం అద్దెకున్న ఇంట్లో కుర్రాడు వాళ్ల నాయనమ్మతో ‘నువ్వు కూసో, నేను తెస్త’ అంటుంటే, పెద్దావిణ్ణి పట్టుకుని నువ్వేంటి, ఎంత పెడసరం అనుకున్నాను. మా వైపు అండీ లేకుండా పెద్దవాళ్లతో మాట సాగదు మరి. వాడేమో ఆమె చేతిలోంచి బిందె అందుకుని మెట్లెక్కుతున్నాడు! అక్కడ నువ్వు అనడం చనువు, ప్రేమ. పెడసరం అండీలో లేదు, గొంతులో ఉంది. ‘అయితే ఏంటండీ ఇప్పుడు?’ అని అడిగి చూడండి, అండీ ఉన్నా పెడసరమే.