షార్ట్ ఫిల్మ్ ఆగిపోయింది, కోర్సు మాన్పించాలా?

ప్రశ్న: మాది చెన్నై కొళత్తూరు. మా అమ్మాయి విస్కామ్ (విజువల్ కమ్యూనికేషన్ డిగ్రీ) రెండో ఏడు చదువుతోంది. నవంబరులో స్నేహితులతో కలిసి ఇద్దరు అక్కచెల్లెళ్ల కథతో షార్ట్ ఫిల్మ్ మొదలుపెట్టింది. మొదటి రోజు బెసెంట్ నగర్ బీచ్‌లో తీసిన సీన్లలో గాలి హోరు తప్ప మాటలు వినపడటం లేదు. రెండో రోజు వాన. మూడో రోజు అక్క వేషం వేసే అమ్మాయి సీరియల్లో ఛాన్స్ వచ్చిందని రాలేదు. 38,000 రూపాయలు ఖర్చయింది, అందులో సగం నా చీటీ డబ్బు. రాత్రి రెండింటి దాకా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ క్లిప్పులే వింటూ ఏడుస్తోంది. మా వారు ఇది మాన్పించి బీసీఏలో చేర్పిద్దామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, కోర్సు మాన్పించకండి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే ఇదంతా చదివేదాకా మీకు టెన్షనే. సగంలో ఆపితే కట్టిన ఫీజూ పోతుంది, చదివిన చదువూ పోతుంది. పైగా రేపు పుణెలోని ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐలో గానీ కోల్‌కతాలోని సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లో గానీ సినిమా పీజీ కోర్సులకు వెళ్లాలన్నా చేతిలో ఏదో ఒక డిగ్రీ ఉండాల్సిందే.

జరిగిన మూడింటిలో వాన సంగతి తేలిక. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, ఏడాది వానలో ఎక్కువ భాగం అప్పుడే పడుతుంది. 2015లో, మళ్లీ 2023లో మిచాంగ్ తుపానుకు ఊరు ఎలా మునిగిందో మీరు చూసే ఉంటారు. ఆ నెలల్లో అవుట్‌డోర్ పెట్టుకుంటే, వాన పడితే వెంటనే తీయడానికి ఇంట్లో సీను ఒకటి రెడీగా ఉండాలి. మిగిలిన బీచ్ షాట్లు జనవరి, ఫిబ్రవరిలో తీసుకోమనండి. అన్నట్టు మన దగ్గర సముద్రం తూర్పున ఉంది కాబట్టి నీళ్ల మీద వెలుగు కావాలంటే తెల్లవారుజామునే వెళ్లాలి, సాయంత్రం అయ్యేసరికి సూర్యుడు బిల్డింగుల వెనక్కి పోతాడు. పర్మిషన్ గురించి కాలేజీ నుంచి లెటర్ తీసుకుని ముందే అడిగి పెట్టుకోవాలి.

నటి రాలేదని ఆ పిల్ల మీద కోపం పెట్టుకోవద్దని చెప్పండి. డబ్బులివ్వకుండా పిలిచినప్పుడు, డబ్బులిచ్చే పని వస్తే ఎవరైనా అటే వెళతారు. అందుకే తెలిసినవాళ్లు అలాంటి నటుల సీన్లన్నీ వరసగా మొదటి రోజే లాగించేస్తారు. ఇప్పటికైనా దారి ఉంది: అక్కను ఫోన్లో వినిపించే గొంతుగా మార్చి కథ తిరగరాసుకోవచ్చు, ఎదురుగా ఉన్న అక్క కంటే ఫోన్లో పొడిపొడిగా మాట్లాడే అక్క కథకు ఇంకా బాగా కుదరవచ్చు కూడా.

ఇక సౌండ్. అసలు విషయం ఇక్కడే ఉంది. మీరు రాసినదాన్ని బట్టి కెమెరాకు ఉన్న మైకుతోనే రికార్డు చేసి ఉంటారు. మనిషి నాలుగడుగుల దూరంలో, సముద్రపు గాలి నేరుగా మైకు మీద. దానికి తోడు ఆటో లెవెల్, అంటే రికార్డింగ్ స్థాయిని కెమెరాయే పెంచి తగ్గించుకునే సెట్టింగ్, ఆన్‌లో ఉంటే మాట ఆగినప్పుడల్లా అది హోరును ఇంకా పైకి లాగుతుంది. బయట తీసేటప్పుడు మైకుకు బొచ్చు తొడుగు వేయాలి, మైకును ఫ్రేము అంచుదాకా, నోటికి ఎంత దగ్గరకు తేగలిగితే అంత దగ్గరకు తేవాలి, అన్నిటికన్నా ముఖ్యంగా టేక్ జరుగుతున్నంతసేపూ ఒకరు హెడ్‌ఫోన్స్‌తో వింటూ ఉండాలి. ఆ ఒక్కరు ఉండి ఉంటే మొదటి టేకులోనే పట్టుకునేవారు.

పోయిందనుకున్న ఆ ఆడియోను డిలీట్ చేయనివ్వకండి. డబ్బింగ్‌కు అదే గైడ్ ట్రాక్: ఏ మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో దాన్ని వింటూ మళ్లీ చెప్పించవచ్చు. బుక్ చేసుకోవడానికి వడపళని, సాలిగ్రామం వైపు డబ్బింగ్ థియేటర్లున్నాయి, కానీ దానికీ డబ్బు పెట్టక్కర్లేదు, మీ పడగ్గది చాలు. ఫ్యాను ఆపి, గోడలకు దుప్పట్లు కట్టి, పక్కింటి మిక్సీ ఆగాక రికార్డు చేసుకోవచ్చు. ఆ గది నిశ్శబ్దాన్ని కూడా ఒక అర నిమిషం రికార్డు చేయమనండి, మాటల మధ్య ఖాళీల్లో అతకడానికి అది కావాలి. బీచ్‌కు మళ్లీ వెళ్లినప్పుడు అలల చప్పుడు విడిగా తెచ్చుకోవాలి.

ఇంత వివరంగా రాయడానికి కారణం మీ ఉత్తరంలోని ఒక్క వాక్యం. వాన వల్ల పోయిన షాట్లు ఉన్నాయి, రాని నటి ఉంది, డబ్బు ఉంది, అయినా మీ అమ్మాయి రాత్రి రెండింటి దాకా కూర్చున్నది ఆడియో ముందు. నా దగ్గరకు వచ్చే పిల్లల్లో డైరెక్షన్ అనేవాళ్లే ఎక్కువ, ఎందుకంటే బయటికి కనిపించేది అదొక్కటే. పని చెడిపోయినప్పుడు దేని గురించి ఎక్కువ బాధపడ్డారో అడిగితే అసలు ఇష్టం ఎటు ఉందో తెలుస్తుంది. ఓదార్చడం కాస్త పక్కన పెట్టి, ఆ క్లిప్పుల్లో ఏం వింటున్నావమ్మా అని అడగండి. హోరు కింద మాట ఫలానా చోట బతికే ఉంది, ఇక్కడ కుక్క అరిచింది, అక్కడ మైకు కదిలింది అని చెబితే, సౌండ్ గురించి సీరియస్‌గా ఆలోచించండి.

మీ వారి భయం సరైనదే, దాన్ని కొట్టిపారేయకండి. సినిమాలో మొదటి కొన్నేళ్లు పని ఉన్న రోజు డబ్బు, లేని రోజు లేదు. కానీ సౌండ్ తెలిసినవాళ్లకు సినిమా ఒక్కటే కాదు, యాడ్స్, సీరియళ్లు, డబ్బింగ్, స్టేజి కార్యక్రమాలు, పాడ్‌కాస్టులు ఉంటాయి, చెన్నైలో తెలుగు, తమిళం రెండూ వచ్చిన మనిషికైతే డబ్బింగ్ పనిలో అది పెద్ద ప్లస్. ఆయనతో ఒక ఒప్పందం చేసుకోండి: డిగ్రీ పూర్తవ్వాలి, మార్చిలోగా ఈ షార్ట్ ఫిల్మ్ కూడా పూర్తవ్వాలి, దానికి ఇంట్లోంచి కొత్తగా డబ్బు ఇవ్వరు. కెమెరా కొనిపెట్టమంటే కూడా వద్దనే చెప్పండి. ఈసారి బడ్జెట్‌లో పదో వంతు అనుకోని ఖర్చుల కోసం ముట్టుకోకుండా పక్కన పెట్టడం కూడా తనే నేర్చుకోవాలి.

ఒక సంగతి మీరు రాయలేదు, ప్లస్ టూలో ఫిజిక్స్ ఉందా? ఎఫ్‌టీఐఐ సౌండ్ కోర్సుకు డిగ్రీతో పాటు అది కూడా అడుగుతారు. ఉంటే ఈ ఏడాది నోటిఫికేషన్ చూసి పాత ప్రశ్నపత్రాలు మొదలుపెట్టించండి. లేకపోతే వేరే కోర్సులు వెతుకుదాం, తన మార్కుల వివరాలతో మళ్లీ రాయండి.