టెక్ సందేహాలు: ఊరు కాని ఊళ్లో మన తాటాకులను వెతకడం ఎలా?

ప్రశ్న: మా ముత్తాతగారి నాటి తాటాకుల కట్ట ఒకటి ఇంట్లో ఉంది. అది భాగవతమని పెద్దలు చెబుతారు. విదేశీ విశ్వవిద్యాలయాల అరుదైన గ్రంథాల విభాగాలు తమ ప్రతులను నెట్‌లో ఉంచాయని విని, పోల్చి చూద్దామని తెలుగులో ‘భాగవతం’ అని టైప్ చేస్తే ఏమీ రాలేదు. దొరికిన ఒకటి రెండు ఆకులను ఫోన్లోకి దించుకుంటే అక్షరాలు మసకగా ఉన్నాయి. దారి చెప్పగలరా?
- ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: మీరు టైప్ చేసిన మాటను ఆ సైటు తాటాకు మీద వెతకదు. ఆ ప్రతి గురించి గ్రంథాలయంవారు రాసిపెట్టిన నాలుగు వరుసల వివరంలో మాత్రమే వెతుకుతుంది. ఆ వివరం సాధారణంగా ఇంగ్లీషు అక్షరాలలోనే ఉంటుంది కనుక, గ్రంథం పేరును కూడా ఆ అక్షరాలలోనే ఇచ్చి చూడండి.

కట్టలో ఉన్నవి పోతన పద్యాలో, సంస్కృత శ్లోకాలో ముందుగా తేల్చుకోవడం చాలా అవసరం. తెలుగు లిపిలో రాసిన సంస్కృత గ్రంథాన్ని జాబితాలో సంస్కృతం కిందనే చేరుస్తారు. కాబట్టి భాష దగ్గర ‘తెలుగు’ను ఎంచుకున్నవారికి అటువంటి ప్రతి ఎన్నటికీ కనిపించదు. వారు భాషను వదిలి, లిపి పేరుతో వెతకాలి. పాత జాబితాలలో మన భాషను ‘జెంటూ’ అనీ, ‘తెలింగ’ అనీ రాసిన సందర్భాలు ఉన్నాయి కనుక ఆ మాటలు కూడా ప్రయత్నించదగినవే.

ఊరి పేరు విషయంలో మన సరిహద్దు ప్రాంతం వారికి మరొక చిక్కు ఉంది. ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది 1936 ఏప్రిల్ 1న. అంతకు ముందు పర్లాకిమిడి, బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలోనూ, జయపురం సంస్థానం విశాఖపట్నం జిల్లాలోనూ ఉండేవి. ఆ కాలంలో సేకరించిన ప్రతుల వివరాలలో ‘ఒడిశా’ అన్న మాట కోసం చూడడం వృథా శ్రమ. గంజాం, మద్రాసు, కిమిడి అన్న పేర్లను పాత ఇంగ్లీషు వర్ణక్రమంలో ఇవ్వండి. నా అనుభవంలో చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 2015లో ప్రారంభించిన ‘ఓ పెన్’ (OPenn) అనే సైటు నాకు నచ్చిన చోటు. ఆ విశ్వవిద్యాలయం దగ్గర భారతీయ రాతప్రతులు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం సంస్కృతమని ముందే తెలుసుకుని వెళ్లండి. హంగులు లేని సైటు అది. ప్రతి గ్రంథానికీ ఒక ఫోల్డరు, అందులో ఒక్కొక్క బొమ్మకూ మూడు పరిమాణాలు ఉంటాయి. అతి చిన్న నమూనా బొమ్మను దించుకుంటే అది మసకగానే ఉంటుంది, మీకు జరిగినది బహుశా ఇదే. అన్నిటికన్నా పెద్దదైన టిఫ్ ఫైలు ఫోనుకు మోయలేని బరువు. మధ్యనున్న జేపెగ్ మీకు సరిపోతుంది.

యేల్ విశ్వవిద్యాలయపు బైనెకీ వంటి గ్రంథాలయాలు ‘ట్రిపుల్ ఐ ఎఫ్’ అనే ఉమ్మడి పద్ధతిలో బొమ్మలను అందిస్తాయి. ఈ పద్ధతిలో పేజీ మొత్తం ఒకేసారి రాదు. మీరు పెద్దది చేసి చూస్తున్న భాగం మాత్రమే చిన్న చిన్న ముక్కలుగా వస్తుంది కనుక, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న కొండ ఊళ్లలో కూడా ఓపికగా చదువుకోవచ్చు. తాటాకు పొడవైనది కాబట్టి ఫోన్‌ను అడ్డంగా తిప్పి, ఎడమ అంచు నుంచి మొదలుపెట్టండి. ఆకు సంఖ్య సాధారణంగా అంచులోనే, తెలుగు అంకెలలో ఉంటుంది. గ్రంథాలయంవారు ఇచ్చే సంఖ్యకు పక్కన ‘ఆర్’ ఉంటే అది ఆకు ముందు వైపు, ‘వి’ ఉంటే వెనుక వైపు. పోలికలు రాసుకునేటప్పుడు రాతప్రతి సంఖ్యతోపాటు దీనిని కూడా నమోదు చేసుకోండి, లేకపోతే అదే ఆకును మళ్లీ పట్టుకోవడానికి ఒక పూట పడుతుంది.

ప్రశ్న: తాళపత్రం ఫొటో తీస్తే ఫోనే చదివి టైపు చేసి ఇస్తుందా? ఆ బొమ్మలను మా సంఘం సంచికలో వేసుకోవచ్చా?
- ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: అచ్చుపుస్తకాన్ని చదివినట్టుగా చదవలేదు. గంటంతో గీసిన అక్షరాలు, మాటకూ మాటకూ మధ్య ఎడం లేని వరుసలు, మసి వెలిసిపోయిన చోట్లు దానికి అంతు చిక్కవు. చేతిరాతను చదవడానికి కంప్యూటరుకు శిక్షణ ఇచ్చే ‘ట్రాన్స్‌క్రిబస్’ వంటి సాధనాలు ఉన్నా, ముందు కొన్ని ఆకులను మనిషి చదివి టైపు చేసి ఇవ్వవలసిందే. ఊళ్లో పాత రాత చదవగలిగే పెద్దవారు ఉంటే ఇప్పుడే వారి పక్కన కూర్చోండి.

అచ్చు వేసుకోవడం గురించి: చూడడానికి ఉచితమైనదల్లా అచ్చుకు ఉచితం కాదు. ప్రతి బొమ్మ కింద హక్కుల వరుస ఒకటి ఉంటుంది. అక్కడ ‘పబ్లిక్ డొమైన్’ అని ఉంటే నిశ్చింతగా వేసుకోండి, గ్రంథాలయం పేరూ రాతప్రతి సంఖ్యా తప్పక ఇవ్వండి. వేరే షరతులు ఉంటే వారికి ఈమెయిలు రాసి అనుమతి తీసుకోండి.