బెయిల్ వచ్చి 20 రోజులైనా మనిషి జైల్లోనే: జామీను దొరక్కపోతే ఏం చేయాలి?

మీరు అడిగింది ఇది: దొంగతనం కేసులో మీ తమ్ముడికి బెయిల్ వచ్చి 20 రోజులైంది. రూ.25,000 చొప్పున ఇద్దరు జామీనుదారులు కావాలన్నారు. కోర్టున్న ఊళ్లో మీకు తెలిసినవాళ్లు లేరు. వడ్డీకి తెచ్చి రూ.50,000 కట్టేయాలా? ఇలా జైళ్లు నింపితే ఎవరికి లాభం?

ముందు వడ్డీ సంగతి. దయచేసి ఆ అప్పు చేయకండి. జామీనుదారు కోర్టుకు ఇచ్చేది డబ్బు కాదు, హామీ. ముద్దాయి వాయిదాలకు రాకుండా పోతే ఆ మొత్తం తాను చెల్లిస్తానని బాండు మీద సంతకం పెట్టి, అంత విలువైన ఆస్తి తనకుందని కాగితం చూపిస్తాడు. అంతే. ఈ తేడా ఎవరూ విడమరిచి చెప్పక, పుస్తెలు తాకట్టు పెట్టి డబ్బు మూటగట్టుకుని కోర్టు మెట్లెక్కేవాళ్లు ఎందరో.

కాగితాలు కోర్టుకో రకంగా అడుగుతారు. సాధారణంగా ఆధార్, ఫొటోలు, ఇంటి పన్ను రశీదు, దాంతోపాటు పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన విలువ ధ్రువపత్రం. పొలమైతే పట్టాదారు పాసుపుస్తకం, ఉద్యోగి అయితే జీతం స్లిప్. ఇంతకుముందు ఎంతమందికి జామీను ఉన్నాడో కూడా రాసివ్వాలి; బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 486 సెక్షన్ అదే చెబుతుంది. ఎక్కువసార్లు తిరస్కరణ వచ్చేది చిన్నవాటికే. రశీదు చనిపోయిన తండ్రి పేరు మీదే ఉంటుంది, లేదా ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి పాసుపుస్తకంలో ఒక్క అక్షరమే ఉంటుంది. ఇవి కోర్టుకు వెళ్లకముందే సరిచూసుకోండి.

జామీనుదారు వేరే జిల్లావాడైతే చెల్లడని ఎవరైనా అంటే, 1978లో సుప్రీంకోర్టు మోతీరామ్ కేసులో చెప్పింది గుర్తు చేయమని మీ లాయరుకు చెప్పండి. మధ్యప్రదేశ్‌లో ఒక తాపీ మేస్త్రీకి రూ.10,000 జామీను అడిగి, అన్న ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేటు కాదన్నారు. ఆ పద్ధతిని జస్టిస్ కృష్ణయ్యర్ తప్పుపట్టారు. ఆ మేస్త్రీని రూ.1,000 సొంత బాండు మీద, అంటే జామీనుదారు లేకుండా తన హామీతోనే, వదలమన్నారు. అయినా ఊరివాడే కావాలనే పట్టుదల ఇంకా పోలేదు.

కోర్టు బయట డబ్బులకు జామీను ఉంటామనేవాళ్లు కనిపిస్తారు. వాళ్ల జోలికి పోకండి. పాసుపుస్తకం నకిలీదని తేలితే వాళ్లతోపాటు మీ మీదా కొత్త కేసు పడొచ్చు, ఉన్న బెయిల్ కూడా చిక్కుల్లో పడుతుంది.

అసలు చేయాల్సింది షరతు మార్చమని పిటిషన్ వేయడం. బాండు మొత్తం మనిషి స్థితిని చూసి నిర్ణయించాలి, అతిగా ఉండకూడదని బీఎన్ఎస్ఎస్ 484 సెక్షన్‌లో ఉంది; దాన్ని తగ్గించే అధికారం సెషన్స్ కోర్టుకూ హైకోర్టుకూ ఉంది. 490 కింద బాండుకు బదులు నగదు డిపాజిట్‌కు కోర్టు అనుమతించవచ్చు. పిటిషన్‌లో ఒక్కటే అడగొద్దు. సొంత బాండు మీద వదలండి, కాకుంటే ఒక్క జామీను చాలనండి, అదీ కాకుంటే మా శక్తికి తగిన చిన్న మొత్తం నగదుగా తీసుకోండి అని వరసగా రాయించండి. బయటికి వచ్చి జామీను వెతుక్కోవడానికి కొద్ది రోజుల తాత్కాలిక బెయిల్ కూడా అడగొచ్చు. బెయిల్ ఏ తేదీన వచ్చింది, నేటికి ఎన్ని రోజులైంది, అతని సంపాదన మీద ఎంతమంది బతుకుతున్నారు అన్న అంకెలుండాలి. రేషన్ కార్డు నకలు జతచేయండి.

ఇందుకు లాయరు ఫీజు అక్కర్లేదు. కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలని 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ చెబుతుంది. 15100కు ఫోన్ చేయండి, లేదా నేరుగా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, బెయిల్ వచ్చిన 7 రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ ఆ సంస్థ కార్యదర్శికి తెలపాలి. నెలలోగా బాండ్లు ఇవ్వలేకపోతే షరతు సడలించాలా అని కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చు. మీకు 20 రోజులు గడిచాయి కాబట్టి మొదటి గడువు దాటిపోయింది. జైలు నుంచి సమాచారం వచ్చిందా అని కార్యదర్శి కార్యాలయంలో అడిగి, రాలేదంటే మీరే అర్జీ ఇచ్చి రశీదు తీసుకోండి. డబ్బు కట్టలేక ఆగిపోయిన ఖైదీల కోసం 2023లో కేంద్ర హోంశాఖ ఒక పథకం కూడా పెట్టింది. మొదట్లో విచారణ ఖైదీకి రూ.40,000 వరకు అన్నారు. ఇప్పటి పరిమితి ఎంతో ఆ కార్యదర్శి కార్యాలయంలోనే కనుక్కోండి.

ఇక ఎవరికి లాభం అన్న ప్రశ్న. 2022 చివరినాటి జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క చూడండి. దేశంలో జైళ్ల సామర్థ్యం 4,36,266. ఉన్నవాళ్లు 5,73,220. అందులో శిక్ష పడనివాళ్లే 4,34,302. అంటే నేరం రుజువు కానివాళ్లతోనే జైళ్లు దాదాపు నిండిపోయాయి! జైలు నిండితే కోర్టుకు తీసుకెళ్లే ఎస్కార్ట్ పోలీసులు చాలరు. మనిషిని హాజరుపరచకపోతే వాయిదా పడుతుంది, వాయిదా పడితే ఇంకొన్నాళ్లు లోపలే. ఆ తిండి, కాపలా ఖర్చంతా ప్రభుత్వానిది, అంటే మనందరిది. ఇంట్లో రోజుకూలీ ఆగిపోతుంది, ములాఖత్‌కు వెళ్లిన రోజు ఇంకొకరి కూలీ కూడా పోతుంది. ఇదే కేసులో జామీను దొరికి ఇంట్లో ఉన్నవాడు ఓటేస్తాడు. లోపలున్నవాడు వేయలేడు, 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 62(5) ప్రకారం. ఇద్దరిలో ఎవరి నేరమూ రుజువు కాలేదు. తేడా ఒక్క పాసుపుస్తకం. ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

విసిగిపోయి మీ తమ్ముడు నేరం ఒప్పుకుంటానంటే తొందరపడనివ్వకండి. ఉన్న రోజులనే శిక్షగా సరిపెట్టి వదిలేస్తారని తోటి ఖైదీలు చెబుతుంటారు. కానీ శిక్షపడినట్టు రికార్డు ఉండిపోతుంది. బీఎన్ఎస్ఎస్ 479 సెక్షన్ కింద, ఇంతకుముందు ఏ నేరంలోనూ శిక్షపడనివాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలుంటే బాండు మీద వదలాలి, మిగతావాళ్లకైతే సగం. మూడేళ్ల వరకు శిక్షపడే దొంగతనానికి అది ఏడాది, లేదా ఏడాదిన్నర. ఒకసారి నేరం ఒప్పుకుంటే ఆ మూడో వంతు వెసులుబాటు జీవితాంతం పోయినట్టే. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఈ సెక్షన్ వర్తించదు. ఒకటికి మించి కేసులు పెండింగ్‌లో ఉన్నా అంతే.

జామీను కుదిరాక కూడా రిలీజ్ ఆర్డర్ దగ్గర జాగ్రత్త. ఖైదీ పేరు, తండ్రి పేరు, క్రైమ్ నంబరు, సెక్షన్లు జైలు రికార్డుతో సరిపోవాలి. ఒక్క సెక్షన్ తగ్గినా వెనక్కి పంపుతారు. సాయంత్రం లాకప్ అయ్యాక చేరితే మర్నాటిదాకా ఆగాలి, అందుకే బాండ్ల పని ఉదయమే పెట్టుకోండి. వేరే కేసులో పీటీ వారెంట్ (జైల్లో ఉన్నవాణ్ణి ఇంకో కేసులో హాజరుపరచమనే కోర్టు ఆదేశం) ఉందేమో ముందే అడగండి; ఉంటే ఈ బెయిల్ ఒక్కదానితో గేటు దాటనివ్వరు.

నగదు కట్టి ఉంటే రశీదు భద్రంగా దాచండి. కేసు ముగిశాక అది వాపసు కావాలని మీరే పిటిషన్ వేసుకోవాలి.