శుక్రవాహికలు లేవంటే సీఎఫ్‌టీఆర్ జన్యు పరీక్ష ఎందుకు?

వీర్యంలో శుక్రకణాలు సున్నా అని, వృషణాల నుంచి వాటిని మోసుకెళ్లే గొట్టాలైన శుక్రవాహికలు లేవని తేలిందని, ఊపిరితిత్తుల జబ్బేదీ లేని మీకు డాక్టరు గారు సీఎఫ్‌టీఆర్ జన్యు పరీక్ష ఎందుకు రాశారో అర్థం కావడం లేదని అడిగారు. ఆరేళ్ల క్రితం నేనూ ఇదే ప్రశ్న అడిగాను. దయచేసి ఆ పరీక్ష చేయించుకోండి.

సీఎఫ్‌టీఆర్ అనే జన్యువు తయారు చేయించేది కణపొరలో ఉండే అదే పేరున్న ఒక ప్రోటీను. క్లోరైడు, బైకార్బొనేటు అయాన్లు దాని గుండానే కణం దాటి బయటికి వస్తాయి, వాటి వెంట నీరూ వస్తుంది. ఆ దారి సరిగా తెరుచుకోకపోతే స్రావాలు చిక్కబడి నాళాలు పూడుకుపోతాయి. ఈ లోపం తీవ్రంగా ఉంటే సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే, ముఖ్యంగా ఊపిరితిత్తులను దెబ్బతీసే వంశపారంపర్య జబ్బు వస్తుంది; ఆ జబ్బున్న మగవారిలో 95 శాతానికి పైగా శుక్రవాహికలు ఉండవు. లోపం స్వల్పమైతే ఊపిరితిత్తులు తట్టుకుంటాయి గానీ, శుక్రవాహిక తట్టుకోలేదు. అందుకే మనలాంటి వారికి పెళ్లయి పిల్లల కోసం ప్రయత్నించేదాకా ఏ సంగతీ తెలియదు.

నా రిపోర్టులో వీర్యం 0.6 మిల్లీలీటర్లే, పీహెచ్ 6.5 (అంటే ఆమ్లగుణం), ఫ్రక్టోజు అనే చక్కెర లేదు. ఫ్రక్టోజును, క్షారగుణమున్న ద్రవాన్ని వీర్యానికి ఇచ్చే గ్రంథులైన శుక్రాశయాలు కూడా శుక్రవాహికలతో పాటే లోపించడం వల్ల ఈ మూడూ కలిసి కనిపిస్తాయి. మొదట చూసిన చోట ఆ అంకెలను పట్టించుకోకుండా, ఒళ్లు ముట్టి చూడకుండా, ఎనిమిది నెలలు విటమిన్ మాత్రలు వాడించారు. ఆ కాలమంతా మా ఆవిడ పడిన మాటలు తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. రెండో డాక్టరు గారు వృషణాల పైభాగాన్ని వేళ్లతో తడిమి, గట్టి పురికొసలా తగలవలసిన గొట్టం రెండు వైపులా లేదని రెండు నిమిషాల్లో చెప్పేశారు. వృషణాల్లో కణాలు తయారవుతూనే ఉన్నాయి, బయటికి వచ్చే దారి మాత్రమే లేదు.

వృషణాన్ని అంటిపెట్టుకుని శుక్రకణాలు నిలవుండే ఎపిడిడిమిస్ నుంచి సూదితో కణాలు తీసి, ఒక్కో అండంలోకి ఒక్కో కణాన్ని ల్యాబులో ఎక్కించే ఇక్సీ పద్ధతిలో అండంలోకి పంపించారు. అయితే అంతకుముందే మా ఆవిడకూ జన్యు పరీక్ష చేయించారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా వచ్చే ఈ జన్యువు ప్రతులు నాకు రెండింటిలోనూ మార్పులు ఉన్నందున, ఆమె వాహకురాలైతే, అంటే ఆమెకు ఒక ప్రతిలో లోపం ఉంటే, ప్రతి గర్భంలోనూ బిడ్డకు రెండు లోపమున్న ప్రతులు చేరే అవకాశం 50 శాతం ఉండేది. ఆమెకు ఏ మార్పూ లేదని తేలాకే ముందుకు వెళ్లాం. మా పాపకు ఇప్పుడు నాలుగేళ్లు.

ల్యాబులో ఒక్క మాట తప్పక అడగండి. యూరప్ వారిలో ఎక్కువగా కనిపించే మార్పులను మాత్రమే వెతికే పరీక్ష మనవారికి చాలదు. జన్యువు మొత్తాన్ని, 5టీ అనే మార్పుతో సహా చదివే పరీక్ష కావాలని చెప్పండి. అందులో ఏమీ దొరకకపోతే కిడ్నీల స్కాన్ చేయించుకోండి, ఎందుకంటే శుక్రవాహికలు లేని కొందరికి ఒక కిడ్నీ కూడా పుట్టుకతోనే ఉండదు.