గట్టిగా వాయిస్తే డిలే తగ్గాలి, ఆపితే వినపడాలి: ఏ పెడల్ కొనాలి?

మీరు అడిగింది ఇదీ: గిటార్ వాయిస్తున్నంతసేపూ డిలే (నోటుని కాసేపాగి మళ్లీ మళ్లీ వినిపించే ఎకో), రివర్బ్ (పెద్ద గదిలో మోగినట్టు సాగే శబ్దం) వెనక్కి తగ్గి, ఆపగానే పైకి రావాలి, దానికి ఏ పెడల్ (కాలితో నొక్కే ఎఫెక్ట్ డబ్బా) కొనాలి అని.

పెడల్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ కుడిచెయ్యి సంగతి చెప్పండి. ఒకే బలంతో, సందు లేకుండా స్ట్రమ్మింగ్ బాదేవాళ్లకు ఎంత ఖరీదైన పెడలైనా దండగ.

ఒక ఉగాదికి వైట్‌ఫీల్డ్‌లో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్లం ప్రోగ్రామ్ పెట్టుకున్నాం. లాన్‌లో స్టేజీ కట్టడం అయిపోయాక వాన దంచింది. బెంగళూరు వాన తెలిసిందే కదా. స్పీకర్లు, మైకులు ఎత్తుకుని బేస్‌మెంట్ పార్కింగ్‌లోకి దిగాం. ఎటు చూసినా కాంక్రీటు, ఓ మూల జనరేటర్ రొద. చప్పట్లు కొడితే ఆ చప్పుడు పార్కింగంతా ఓ చుట్టు చుట్టి వచ్చేది. అలాంటి చోట మైక్‌సెట్ అతను "ఎకో బేకా సార్?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే పాడబోయే ఆంటీ "పెట్టించు బాబూ, ఎకో లేకపోతే గొంతు పొడిగా ఉంటుంది" అన్నారు.

మనవాళ్లకు ఈ ఎకో పిచ్చి ఎక్కడ పట్టుకుందో. పెళ్లిలో మంత్రాలకూ ఎకోనే, "భోజనాలు రెడీ" అనడానికీ ఎకోనే.

సరే, ఆంటీకి ఎదురు చెప్పలేం. నేను మాత్రం నా రివర్బ్ ఆపేశాను. నిండు కార్డ్‌లు మానేసి, రెండు తీగల మీద మెల్లగా రెండు మూడు నోట్లు, ఆ తర్వాత ఖాళీ. ఆ ఖాళీని పార్కింగే నింపింది. పాట లైను చివర ఒక్క నోటు గట్టిగా కొడితే, ఆంటీ ఊపిరి తీసుకునేదాకా అది మోగుతూనే ఉంది. ఇందులో మాయేం లేదు. ప్రతిధ్వని 60 డెసిబెల్స్ పడిపోవడానికి పట్టే సమయం ఆ గదిది, మీరెలా వాయించినా మారదు. కానీ మెల్లగా మొదలైన శబ్దం జనరేటర్ రొద కిందికి త్వరగా దిగిపోతుంది, గట్టిగా కొట్టింది ఇంకాసేపు పైన ఉంటుంది. అంటే చెవికి ఆ ప్రతిధ్వని తోక ఎంత పొడుగ్గా వినపడాలో తేల్చేది మీ చెయ్యే. నన్నడిగితే గిటార్ క్లాసుల్లో మొదటి నెల ఇదొక్కటే నేర్పాలి. వాళ్లేమో కార్డ్‌ల చార్ట్ చేతిలో పెట్టి ఫీజు తీసుకుంటారు.

ఇప్పుడు పెడల్. మీకు కావాల్సినదాన్ని డకింగ్ అంటారు. మీ వాయింపు ఎంత గట్టిగా ఉందో పెడల్ కనిపెట్టి, ఒక హద్దు దాటితే ఎకోని అణిచి, ఆపగానే వదిలేస్తుంది. 1985లో టీసీ ఎలక్ట్రానిక్ 2290 అనే ర్యాక్ డిలేతో (అరలో బిగించే పెట్టె) దీనికి బాగా పేరొచ్చింది. ఇప్పుడైతే స్ట్రైమన్ టైమ్‌లైన్‌లో 'డక్' అని ఒక మోడే ఉంది. లాప్‌టాప్‌లో వాయించేవాళ్లు అసలు ఏమీ కొనక్కర్లేదు. డిలే శబ్దాన్ని విడిగా ఒక ట్రాక్‌లో పెట్టి, దాని మీద కంప్రెసర్ (గట్టి శబ్దాన్ని అణిచే ఎఫెక్ట్) వేసి, ఎప్పుడు అణచాలో దానికి చెప్పే సైడ్‌చెయిన్ ఇన్‌పుట్‌కి ఎఫెక్ట్ లేని గిటార్ ఇస్తే అదే పని జరుగుతుంది.

వాల్యూమ్ పెడల్ ఉందా? దాన్ని డిలేకి ముందు పెట్టండి. కాలు వెనక్కి వంచి వాల్యూమ్ తగ్గించినా అప్పటికే లోపలికెళ్లిన ఎకోలు పూర్తిగా మోగుతాయి. డిలే తర్వాత పెడితే గిటార్‌తో పాటు ఎకో కూడా ఆగిపోతుంది.

డకింగ్ సెట్టింగుల్లో ఎవరూ పట్టించుకోనిది రిలీజ్, అంటే మీరు ఆపాక ఎకో మళ్లీ పైకి రావడానికి పట్టే సమయం. 120 టెంపోలో ఒక బీటు 500 మిల్లీసెకన్లు. మీరు వదిలే ఖాళీ ఒక్క బీటే అయితే, రిలీజ్ అంతకన్నా బాగా తక్కువ ఉండాలి. లేదంటే ఎకో తలెత్తేలోపే మీ తర్వాతి నోటు దాన్ని మళ్లీ అణిచేస్తుంది. మరీ తక్కువ పెడితే ప్రతి నోటు మధ్యలోనూ ఎకో ఎగిరెగిరి పడుతుంది. ఇక డిలేకి ముందు డిస్టార్షన్ (శబ్దాన్ని గరగరలాడించే ఎఫెక్ట్) గానీ కంప్రెసర్ గానీ ఉంటే, మెల్లగా వాయించినా గట్టిగా వాయించినా పెడల్‌కి దాదాపు ఒకేలా వినిపిస్తుంది. డకింగ్ పనిచెయ్యట్లేదని పెడల్ వాపసు పంపే ముందు ఆ రెండూ ఆఫ్ చేసి చూడండి.